ఇంగ్లండ్ సముద్రతీరం: బ్రైటన్, బోర్న్‌మత్, బ్లాక్‌పూల్, స్కార్‌బరో... ఎవరికి ఏది?

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉంటున్న పిల్లల దగ్గరికి ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, బకింగ్‌హామ్ ప్యాలెస్, టవర్ బ్రిడ్జ్ అయిపోయాక "ఇక్కడ సముద్రం లేదా?" అనే మాట రాక తప్పదు. లేకేం, కావలసినంత ఉంది. ఇంగ్లండ్‌లో సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న చోటు డెర్బీషైర్‌లోని ఒక పల్లె. అక్కడి నుంచి కూడా తీరం 113 కిలోమీటర్లే. చిక్కల్లా ఏ ఊరు ఎంచుకోవాలన్న దగ్గరే వస్తుంది. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. నీలాకాశం, ఐస్‌క్రీమ్, సముద్రంలోకి ఇనుప స్తంభాల మీద కట్టుకుంటూ పోయిన పియర్. వెళ్లి చూస్తే ఏ రెండు ఊళ్లకీ పోలిక ఉండదు.

ముందే ఒక మాట. ఇక్కడికి సముద్రస్నానం కోసం వెళ్లకండి. ఆగస్టులో దక్షిణ తీరంలో నీళ్లు 17, 18 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఉత్తర సముద్రం వైపు అంతకన్నా తక్కువ. భీమిలిలోనో సూర్యలంకలోనో మునిగి పెరిగినవాళ్లకి మోకాళ్ల లోతులోనే సరదా తీరిపోతుంది. అంటే రోజులో ఎక్కువ భాగం గడిపేది ఊళ్లోనే. అందుకే నేను ఎవరికి సలహా చెప్పినా మొదట చూసేది వాన. జూలైలో వెళ్లినా ఒక పూట వాన పడుతుందనే అనుకోవాలి. ఆ పూట పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎక్కడ కూర్చోబెడతారు? ఈ ప్రశ్నకి జవాబున్న ఊరు సగం గెలిచినట్టే. ఆ తర్వాత చూడాల్సినవి కాళ్ల కింద ఇసుకా గులకరాళ్లా అన్నదీ, స్టేషన్ నుంచి నీటి దాకా ఎంత దిగి ఎంత ఎక్కాలన్నదీ.

బ్రైటన్: సముద్రం కన్నా ఊరు బావుంటుంది

లండన్ విక్టోరియా నుంచో లండన్ బ్రిడ్జ్ నుంచో రైలెక్కితే సుమారు గంట. స్టేషన్ బయట నిలబడితే క్వీన్స్ రోడ్ చివర సముద్రం కనిపిస్తుంది. తిన్నగా దిగిపోతే పావుగంట నడక. సాయంత్రం అదే దారి ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వచ్చేటప్పుడు బస్సో టాక్సీనో చూడండి.

బీచ్ మాత్రం గులకరాళ్లు. పిల్లలకి బకెట్, పార కొని తీసుకెళితే అవి అలాగే ఇంటికి వస్తాయి. చెప్పులు లేకుండా నాలుగడుగులు వేయడం కష్టం, అంచు దగ్గర నేల గబుక్కున లోతవుతుంది. ఇసుక కోసమే అయితే ఈ ఊరు వద్దే వద్దు.

అయినా ఒక్కరోజే ఉంది, లండన్ నుంచి బయల్దేరుతున్నాం, పెద్దవాళ్లు ఉన్నారు అంటే నేను బ్రైటనే చెబుతాను. కారణం రాయల్ పెవిలియన్. రాజు కావలసిన జార్జ్ విలాసాల కోసం జాన్ నాష్ అనే వాస్తుశిల్పి 1815 నుంచి 1822 దాకా తీర్చిదిద్దిన భవనం. బయట మొఘలుల గుమ్మటాలు, మినార్లు. లోపల చైనా డ్రాగన్లు, తామరపూల దీపాలు. "ఇదేంటి, హైదరాబాద్‌లో ఉండాల్సింది ఇక్కడుంది?" అని అడగని తెలుగువాళ్లు ఉండరు. విక్టోరియా రాణికి ఇది నచ్చలేదు. 1850లో బ్రైటన్ పట్టణానికే అమ్మేసింది.

మనకి ఇంకా దగ్గరి కథ ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన భారతీయ సైనికులకి 1914 డిసెంబర్ నుంచి 1916 జనవరి దాకా ఈ పెవిలియన్‌నే ఆసుపత్రి చేశారు. మతాలు, కులాల పట్టింపులు చూసి తొమ్మిది వంటశాలలు పెట్టారు. వార్డుల్లో హిందువులకీ ముస్లింలకీ వేరువేరు మంచినీళ్ల కుళాయిలు. గుమ్మటాల కింద మంచాలు వేసుకుని పడుకున్న ఆ జవాన్ల ఫొటోలు చాలా దొరుకుతాయి, వెళ్లేముందు ఒకసారి చూడండి. ఇంత మర్యాద వెనక సైన్యంలో నమ్మకం సడలకుండా చూసుకునే ప్రచార అవసరం కూడా ఉందనేది మరిచిపోకూడదు. పెవిలియన్ దక్షిణ ద్వారం 1921లో పటియాలా మహారాజు చేతుల మీదుగా తెరిచింది, భారతీయుల కానుకే. ఆ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్లో 53 మందిని ఊరి బయట కొండమీద దహనం చేశారు. అక్కడ వాళ్ల గుర్తుగా కట్టిన పాలరాతి ఛత్రీ (గుమ్మటమున్న మంటపం) ఉంది. అయితే పాచమ్ వైపు నుంచి పొలాల్లో చాలాసేపు ఎక్కాలి, రోడ్డు అక్కడి దాకా పోదు. నడవగలిగినవాళ్లకే ఆ ప్లాన్.

వాన పడితే పెవిలియన్, పక్కనే మ్యూజియం, 1872 నాటి అక్వేరియం, లేన్స్ సందుల్లో కొట్లు, నార్త్ లేన్‌లో పాత పుస్తకాలు, బట్టలు. ఒక పూట కాదు, రెండు పూటలు గడిచిపోతాయి. శాకాహారులకి ఇంగ్లండ్ తీరంలో ఇంతకన్నా సుఖమైన ఊరు నాకు తెలీదు. 1899 నాటి ప్యాలెస్ పియర్ మీద రాట్నాలు, గేమ్ మెషీన్లు. పశ్చిమ పియర్ 2003లో కాలిపోయింది, నీళ్లలో దాని ఇనుప అస్థిపంజరం మిగిలింది. ఫొటోలు తీసేవాళ్లంతా దాని దగ్గరే ఉంటారు.

తీరం వెంట నడిచే వోక్స్ చిన్న కరెంటు రైలు 1883 నాటిది, ఇప్పటికీ తిరుగుతున్న విద్యుత్ రైళ్లలో ప్రపంచంలోకెల్లా పాతది. పిల్లలకి భలే నచ్చుతుంది. కాకపోతే అది దిగే చివరి స్టాప్‌కి దగ్గర్లోనే, మెరీనా వైపు, బట్టలు లేకుండా సేదతీరేవాళ్ల కోసం 1980 నుంచి అధికారికంగా కేటాయించిన బీచ్ ఉంది. బోర్డులుంటాయి, రాళ్లగుట్ట అడ్డంగా ఉంటుంది. అత్తమామలతో షికారు వెళ్లినప్పుడు ఆ బోర్డు దగ్గర వెనక్కి తిరిగితే అందరికీ మంచిది.

రెండో రోజు చేతిలో ఉంటే 12 నంబరు బస్సెక్కి సెవెన్ సిస్టర్స్ తెల్లటి సున్నపు కొండలు చూసి రండి. అంచు దాకా పోకండి, ఆ కొండలు చెప్పాపెట్టకుండా విరిగి పడతాయి. అదే బస్సు ఈస్ట్‌బోర్న్ దాకా వెళుతుంది. ఈస్ట్‌బోర్న్ నెమ్మది ఊరు, చదునైన తీరబాట, బెంచీలు, పూలమొక్కలు. రద్దీ నచ్చని పెద్దవాళ్లని అక్కడ దింపితే బ్రైటన్ కన్నా హాయిగా కూర్చుంటారు.

బోర్న్‌మత్: పదేళ్లలోపు పిల్లలుంటే ఇంకో మాట లేదు

లండన్ వాటర్‌లూ నుంచి సుమారు రెండు గంటలు. దాదాపు 11 కిలోమీటర్ల బంగారు రంగు ఇసుక, దక్షిణానికి తిరిగిన తీరం, వెనక కొండ అడ్డం ఉండటంతో గాలి కాస్త తక్కువ. పిల్లల్ని వదిలేస్తే సాయంత్రం దాకా ఇసుకలోనే ఉంటారు. ఊరి మధ్య నుంచి పియర్ దాకా చదునైన తోట ఉంది, స్ట్రోలర్ తోసుకుంటూ దిగొచ్చు. స్టేషన్ మాత్రం తీరానికి కాస్త దూరం, సామానుంటే బస్సే నయం.

వాన పరీక్షలో ఈ ఊరికి అత్తెసరు మార్కులే. చిన్న ఓషనేరియం ఉంది. కొండమీద రసెల్-కోట్స్ మ్యూజియం ఉంది, దేశదేశాలు తిరిగిన ఒక హోటల్ యజమాని దంపతులు తెచ్చిన జపాన్ వస్తువులు, చిత్రాలు నిండిన ఇల్లు. పెద్దవాళ్లకి బావుంటుంది, పిల్లలు అరగంటకి విసిగిపోతారు. రెండు రోజులు వరసగా వాన చూపిస్తుంటే ఈ ప్లాన్ వాయిదా వేసుకోవడమే మేలు.

ఎండ చూపిస్తే ఇంకో ఇబ్బంది. లండన్‌లో 30 డిగ్రీలు దాటిన రోజున సగం దేశం ఇక్కడే ఉంటుంది. 2020 జూన్‌లో ఒక వేడి రోజున జనం తాకిడికి తట్టుకోలేక స్థానిక యంత్రాంగం 'మేజర్ ఇన్సిడెంట్', అంటే అత్యవసర పరిస్థితి, ప్రకటించింది. అలాంటి రోజున కారులో బయల్దేరితే ఉదయం తొమ్మిదికల్లా పార్కింగ్‌లో ఉండాలి. గుంపులో పిల్లలు తప్పిపోవడం మామూలే, చేతిమీద మీ ఫోన్ నంబర్ పెన్నుతో రాసి పెట్టండి.

కారుంటే డర్డిల్ డోర్ కలుపుకోవచ్చు. సముద్రం తొలిచిన సున్నపురాతి తోరణం, దిగే దారి బాగా ఏటవాలు. పైనుంచి చూసినా చాలు.

బ్లాక్‌పూల్: సిగ్గులేని సరదా

మన గ్రూపుల్లో బ్లాక్‌పూల్ పేరెత్తగానే "అబ్బే, అది డౌన్‌మార్కెట్" అనేవాళ్లు ఒకరుంటారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఊళ్లో పేదరికం కనిపిస్తుంది. మూతపడ్డ కొట్లు, పెచ్చులూడిన లాడ్జీలు. శుక్ర, శనివారాల రాత్రి పెళ్లికి ముందు స్నేహితులతో తాగి తిరిగే గుంపులు. పెద్దవాళ్లతో వెళితే వారం మధ్యలో వెళ్లండి. గది తీసుకునేముందు శుభ్రత గురించి రివ్యూలు చదవండి, ధర చూసి మోసపోకండి.

కానీ వాన పరీక్షలో ఫస్ట్ ర్యాంక్ ఈ ఊరిదే. కట్టిందే అందుకు. 1846లో రైలు వచ్చాక లాంకషైర్ నూలు మిల్లుల కార్మికులకి ఇది సెలవుల ఊరైంది. ఒక్కో పట్నంలో మిల్లులన్నీ ఏడాదికోసారి ఒక వారం మూసేవారు, ఊరు ఊరంతా రైలెక్కి ఇక్కడ దిగేది. వాన పడిందని వాళ్ల ఏకైక సెలవు వారం పాడవకూడదు కదా. అందుకని పైకప్పు కింద ప్రపంచం కట్టారు. ఈఫిల్ టవర్ చూసి 1894లో కట్టిన 158 మీటర్ల టవర్, దాని కాళ్ల మధ్య సర్కస్, కింద బంగారు పూతల బాల్‌రూమ్. అక్కడ ఆర్గన్ వాయిస్తుంటే డెబ్భై ఏళ్ల జంటలు చేతులు పట్టుకుని నాట్యం చేస్తుంటారు. టీ, కేక్ తీసుకుని బాల్కనీలో కూర్చోండి. అమ్మానాన్నలకి లండన్‌లో చూసిన ఏ కోట కన్నా ఇదే గుర్తుండిపోతుందని నా నమ్మకం. ఆ మిల్లుల బట్టే మన చేనేత మగ్గాల పొట్టకొట్టింది. విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బ ఎలా తగిలిందో చూడ్డానికి 1931లో గాంధీ వచ్చింది ఈ లాంకషైర్‌లోని డార్వెన్‌కే. ఆ మగ్గాల ఇంటి నుంచి వచ్చినవాళ్లకి ఈ బాల్‌రూమ్ కాస్త వేరేగా కనిపిస్తుంది.

టీనేజ్ పిల్లలుంటే ప్లెజర్ బీచ్, పేరుకే బీచ్, నిజానికి వినోద పార్కు. అక్కడి బిగ్ వన్ రోలర్ కోస్టర్ 65 మీటర్ల ఎత్తు, 1994 నాటిది. గాలి ఎక్కువైతే ఆపేస్తారు, అదొక్కటే నమ్ముకుని వెళ్లొద్దు. చిన్నపిల్లలకి శాండ్‌కాజిల్ అని కప్పు కింద వెచ్చటి నీళ్ల పార్కు. తీరం వెంట 1885 నుంచి నడుస్తున్న ట్రామ్ ఉంది, 2024 నుంచి అది బ్లాక్‌పూల్ నార్త్ స్టేషన్ దాకా వస్తోంది. సామానుతో నడవక్కర్లేదు.

ఇసుక విశాలంగా ఉంటుంది, ఆటు సమయంలో. పోటు వచ్చినప్పుడు నీళ్లు గోడ దాకా వచ్చి బీచ్ మొత్తం మాయమవుతుంది. మన తూర్పుతీరంలో నీటిమట్టం ఒకటి రెండు మీటర్లు మారడం చూసినవాళ్లకి ఇది నమ్మశక్యం కాదు. వెళ్లే రోజు పోటు వేళలు ఫోన్‌లో చూసుకుని బయల్దేరండి. ఇంకో విశేషం, ఇది పడమటి తీరం. విశాఖలో, మచిలీపట్నంలో సముద్రం మీద సూర్యోదయమే చూస్తాం. సూర్యుడు సముద్రంలోకి దిగడం ఇక్కడ చూడొచ్చు, జూన్‌లో అయితే రాత్రి తొమ్మిదిన్నర దాటాక.

ఆగస్టు చివర నుంచి కొత్త సంవత్సరం తొలి రోజుల దాకా ఇల్యూమినేషన్స్. 1879లో ఎనిమిది ఆర్క్ దీపాలతో మొదలై ఇప్పుడు సుమారు పది కిలోమీటర్ల దీపాల వరస. చూడటం ఉచితం. శనివారం రాత్రి కారులో ఆ దారిన పడితే గంటలకొద్దీ పాకాల్సిందే. నడవండి, లేదా ట్రామెక్కండి. దసరా సెలవుల్లో ఊరి నుంచి వచ్చే చుట్టాలకి సరిగ్గా సరిపోయే సీజన్ ఇది.

మాంచెస్టర్ నుంచి రైల్లో గంటంపావు. లండన్ నుంచి సుమారు మూడు గంటలు, ఎక్కువగా ప్రెస్టన్‌లో మారాలి. లండన్ నుంచి ఒక్కరోజుకి పోయి రావడం వృథా ప్రయాస.

స్కార్‌బరో, విట్‌బీ: చూసే కళ్లున్నవాళ్లకి

లీడ్స్, యార్క్ వైపు ఉన్నవాళ్లకి ఇదే సొంత తీరం. యార్క్ నుంచి రైల్లో 50 నిమిషాలు. బ్రిటన్‌లో సముద్రతీర విహారం మొదలైందే స్కార్‌బరోలో అంటారు. 1620ల్లో ఇక్కడి కొండ కింద ఊటనీటికి వైద్యగుణం ఉందని జనం రావడం మొదలుపెట్టారు, తర్వాత సముద్రంలోనూ దిగారు. కొండమీద కోట, దానికి చెరోపక్క రెండు అర్ధచంద్రాకారపు బీచ్‌లు. దక్షిణం వైపు సందడి, ఉత్తరం వైపు ప్రశాంతత. రెండూ ఇసుకే. కోట కింద చర్చి శ్మశానంలో రచయిత్రి ఆన్ బ్రాంటే సమాధి ఉంది, 1849లో ఆరోగ్యం కోసం వచ్చి ఇక్కడే పోయింది.

ఊరంతా ఎత్తుపల్లాలు. 1875లో మొదలైన కొండ లిఫ్ట్ దక్షిణం వైపు ఉంది, అది నడుస్తోందో లేదో చూసుకుని హోటల్ ఎంచుకోండి. పీజ్‌హోమ్ పార్కు చెరువులో వేసవిలో ఒక వింత ఆట జరుగుతుంది: చిన్న యుద్ధనౌకల బొమ్మల్లో మనుషులు కూర్చుని నౌకాయుద్ధం నడుపుతారు. ఇంత గంభీరంగా ఇంత చిన్నపిల్లల పని చేయడం ఇంగ్లీషువాళ్లకే చెల్లింది.

నిజానికి నేను పంపేది విట్‌బీ కోసం. బస్సులో సుమారు గంట. నదీముఖం, చేపల పడవలు, కొండమీద శిథిలమైన మఠం, దానికి 199 మెట్లు. కెప్టెన్ కుక్ ఓడపని నేర్చుకున్న రేవు ఇదే, అతని ఎండెవర్ ఓడ కట్టిందీ ఇక్కడే. పెద్దవాళ్లకి మెట్లు కష్టమైతే కారులో మఠం పక్క దాకా వెళ్లొచ్చు. వాన పడితే మాత్రం రెండు ఊళ్లలోనూ టీ కొట్లే గతి. పిల్లల కన్నా, కెమెరా ఉన్నవాళ్లకీ, కొత్త దంపతులకీ, నడకంటే ఇష్టమున్నవాళ్లకీ ఇది ఎక్కువ నచ్చుతుంది.

మిగతావి, నాలుగు ముక్కల్లో

తూర్పు లండన్‌లో ఈస్ట్‌హామ్, బార్కింగ్ వైపు ఉంటే సౌతెండ్ దగ్గర. అక్కడి పియర్ 2.1 కిలోమీటర్లు, ఇలాంటి విహార పియర్లలో ప్రపంచంలోనే పొడవైనది, దానిమీద రైలు కూడా ఉంది. అంత పొడవు ఎందుకంటే ఆటు వేళ నీళ్లు మైలు దూరం వెనక్కి పోయి బురద మిగులుతుంది. అది థేమ్స్ ముఖద్వారం, అసలు సముద్రం అనుకుని వెళ్లకండి. మార్‌గేట్‌కి ఇసుకా ఉంది, 2011లో తెరిచిన టర్నర్ చిత్రకళా ప్రదర్శనశాలా ఉంది. సెయింట్ పాంక్రాస్ నుంచి గంటన్నర. కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ వీటన్నిటికన్నా అందమైనది, నీళ్ల రంగే వేరు. కానీ లండన్ నుంచి అయిదు గంటలకు పైనే. నాలుగు రోజులు సెలవు దొరికితేనే దాని జోలికి పోండి.

తిండి, నీళ్లు, టికెట్లు

ఏ ఊరైనా ఫిష్ అండ్ చిప్స్ తప్పదు. గొడ్డుమాంసం తినని ఇళ్లవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. యార్క్‌షైర్ వైపు చాలా కొట్లలో చేపలే కాదు, చిప్స్ కూడా గొడ్డు కొవ్వులోనే వేయించడం ఆచారం. స్కార్‌బరో, విట్‌బీల్లో ఆర్డర్ ఇచ్చే ముందే "బీఫ్ డ్రిప్పింగా, వెజిటబుల్ ఆయిలా?" అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. దక్షిణాన నూనెలో వేయించేవాళ్లే ఎక్కువ, కాని అదే మూకుడులో చేపలు కూడా వేగుతాయి కాబట్టి శుద్ధ శాకాహారులు అక్కడా అడగాల్సిందే. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడం చిన్నతనం ఏమీ కాదు. సీగల్స్‌తో మాత్రం జాగ్రత్త, చేతిలోని పొట్లం కళ్లముందే ఎత్తుకుపోతాయి. గోడకి వీపు ఆనించి కూర్చుని తింటే కొంత నయం.

నీళ్లలో దిగితే ఎరుపు, పసుపు జెండాల మధ్యనే. ఎర్రజెండా ఒక్కటే ఎగురుతుంటే దిగకూడదు. గాలి నింపిన బొమ్మ పడవలు పిల్లలకి ఇవ్వకండి, నేల మీది నుంచి గాలి వీస్తే క్షణాల్లో లోపలికి లాక్కుపోతుంది. ఎవరైనా ఇబ్బందిలో ఉంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పాలి.

జూన్, సెప్టెంబర్ మొదటి సగం అన్నిటికన్నా మంచి రోజులు. జూలై చివర నుంచి సెప్టెంబర్ మొదటి రోజుల దాకా బడి సెలవులు, గదుల ధరలు పెరుగుతాయి. బ్రైటన్‌లో ఆగస్టు తొలి వారాంతం ప్రైడ్ ఉత్సవం, గదులు దొరకడమే కష్టం. టికెట్ల దగ్గర, అయిదేళ్లు దాటిన పిల్ల ఒక్కరున్నా ఫ్యామిలీ రైల్‌కార్డ్ తీసుకోండి, పెద్దవాళ్లకి మూడో వంతు, పిల్లలకి 60 శాతం తగ్గుతుంది. పిల్లలు లేకుండా ముగ్గురి నుంచి తొమ్మిదిమంది దాకా పెద్దవాళ్లు కలిసి వెళుతుంటే చాలా రైళ్లలో గ్రూప్‌సేవ్ పేరుతో అదే మూడో వంతు తగ్గింపు దొరుకుతుంది, కార్డు అక్కర్లేదు. ఆదివారం బయల్దేరేవాళ్లు మాత్రం పట్టాల పని ఏమైనా ఉందేమో ముందురోజే చూసుకోండి. రైలు బదులు బస్సు ఎక్కిస్తామని ఉంటే గంట ప్రయాణం రెండు గంటలు దాటుతుంది, ఆ పక్షంలో శనివారానికి మార్చుకోండి.